షైలాకును తరగతి నుంచి పంపించివేయాలా?

చదువుల చావడి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి పట్టుకున్నాయి. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు అట్టిపెట్టి, ఈ నాలుగింటికే సమాధానం రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. తక్కిన ముగ్గురూ మన్నించాలి.

ప్రశ్న: అయ్యా, మాది ఒంగోలు. మా అమ్మాయి ఇక్కడి ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నది. వారి ఇంగ్లీషు టీచరు పాఠ్యపుస్తకంతో పాటు వారానికి ఒక పీరియడు షేక్‌స్పియర్ 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' నాటకం చదివిస్తున్నారు. కిందటి నెల తల్లిదండ్రుల సమావేశంలో కొందరం లేచి, ఒక మతం వారిని అంతగా తిట్టే నాటకాన్ని పద్నాలుగేళ్ళ పిల్లల చేత చదివించడం తగదనీ, బడిలో దానిని నిషేధించాలనీ అడిగాము. అమెరికాలో ఉన్న మా బావమరిది కూడా అక్కడి బడులలో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' అనే ఎంతో పేరున్న నవలనే నిషేధించారని చెప్పాడు. ప్రిన్సిపాల్ గారు నిర్ణయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. మా అభ్యంతరం న్యాయమైనదేనా? చెయ్యెత్తిన వారిలో నేనూ ఉన్నాను గానీ, ఆ నాటకాన్ని నేను చదవలేదని ఒప్పుకోవాలి.
పేరు ప్రచురించవద్దని కోరిన ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యం రాయడానికి చాలామందికి మనసొప్పదు. మీరు రాశారు కాబట్టి నేనూ దాపరికం లేకుండా రాస్తాను.

మీ భయం ఉత్తదేమీ కాదు. నాటకం చదవని పాఠకుల కోసం కథ రెండు ముక్కలలో చెబుతాను. వెనిస్ నగరంలో ఆంటోనియో అనే వర్తకుడు స్నేహితుడి కోసం షైలాక్ అనే యూదు వడ్డీ వ్యాపారి దగ్గర మూడు వేల డకట్లు మూడు నెలల గడువుకు అప్పు తీసుకుంటాడు. ఈ అప్పుకు వడ్డీ లేదు గానీ, గడువు తప్పితే ఆంటోనియో ఒంటి నుంచి ఒక పౌను మాంసం కోసుకోవచ్చునని నోటు రాయించుకుంటాడు షైలాక్. గడువు తప్పుతుంది. కోర్టులో ఆ స్నేహితుడి భార్య పోర్షియా మగవేషంలో వచ్చి, మాంసం తీసుకోవచ్చు గానీ ఒక్క నెత్తురు బొట్టు కూడా చిందరాదని అడ్డు వేస్తుంది. చివరకు షైలాక్ ఆస్తి పోగొట్టుకొని, మతం కూడా మార్చుకోవలసి వస్తుంది. మొదటి అంకంలోనే ఆంటోనియో తన మీద ఉమ్మివేశాడనీ, కుక్క అని పిలిచాడనీ షైలాక్ ముఖాన్నే చెబుతాడు. అంటే, తిట్లు ఉన్నాయి, అవి చాలా ఉన్నాయి. ఈ నాటకాన్ని ద్వేషం పెంచడానికి వాడుకున్న వారూ ఉన్నారు. నాజీల ఏలుబడిలో, 1943లో, వియన్నాలోని బుర్గ్ థియేటరులో షైలాకును ఒక అసహ్యమైన జంతువులా చూపించి ఆడించారు. కాబట్టి ఇది నిప్పు వంటి పుస్తకమని మీరంటే నేను కాదనను. నిప్పు ఉందని వంటిల్లు మూసివేయాలా అన్న దగ్గరే మనకు పేచీ.

మీరు అడిగిన ప్రశ్ననే ఇంచుమించు అదే మాటలలో 1949లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ కోర్టులో అడిగారు. మర్చెంట్ ఆఫ్ వెనిస్, డికెన్స్ రాసిన ఆలివర్ ట్విస్ట్, ఈ రెండింటినీ యూదుల మీద ద్వేషం కలిగించే పుస్తకాలుగా ఎంచి నగరంలోని బడుల నుంచి తొలగించాలని ఒక పౌరుడు దావా వేశాడు. యూరపులో యూదుల ఊచకోత ముగిసి అప్పటికి నాలుగేళ్ళే అయింది. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజులలో కూడా న్యాయస్థానం ఆ దావాను కొట్టివేసింది. ఒక జాతి మీదనో, మతం మీదనో ద్వేషం రెచ్చగొట్టాలనే దురుద్దేశంతో రాసినవి కానప్పుడు, పాత్రలు నొప్పించేవిగా ఉన్నాయన్న కారణంతో పుస్తకాలను బడి నుంచి తీసివేయరాదన్నది ఆ తీర్పు సారం.

ఇక మీ బావమరిది గారు చెప్పిన విషయం. అందులో సగం నిజం ఉంది. హార్పర్ లీ రాసిన ఆ మాకింగ్‌బర్డ్ నవల 1960లో అచ్చయింది, 1961లో పులిట్జర్ బహుమతి పొందింది. చేయని నేరం మోపబడిన ఒక నల్లజాతి మనిషి తరఫున ఒక తెల్ల వకీలు వాదించడం అందులోని కథ. 2017లో మిసిసిపి రాష్ట్రంలోని బిలాక్సీ పట్టణంలో ఎనిమిదో తరగతి పాఠాల నుంచి దానిని తీసివేసిన మాట వాస్తవం. అందులోని భాష కొందరికి ఇబ్బందిగా ఉందన్నది అక్కడివారు చెప్పిన కారణం. అయితే పుస్తకం బడి గ్రంథాలయంలోనే ఉంది. గొడవ పెద్దదైన తరువాత తల్లిదండ్రుల అనుమతి చీటీ తెచ్చిన పిల్లలు చదువుకోవచ్చునన్నారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ముకిల్టియోలో జరిగింది ఇంకొక రకం. అక్కడ తొమ్మిదో తరగతికి తప్పనిసరి పాఠంగా ఉండరాదని అడిగినది ఉపాధ్యాయులే. నల్లవారి బాధను తెల్లవారి కళ్ళతో చూపించే నవలనే ఏటా అందరి చేతా ఎందుకు చదివించాలన్నది వారి ఆక్షేపణ. బోర్డు ఆ నవలను తప్పనిసరి జాబితా నుంచి తీసివేసింది గానీ, చెప్పదలచుకున్న ఉపాధ్యాయులు చెప్పుకోవచ్చునని వదిలిపెట్టింది. ఈ రెండో దానిని నిషేధమని నేను అనలేను. ఏడాదికి నూరు పుస్తకాలు చెప్పలేము కదా, ఒకటి తీసి మరొకటి పెట్టడం పాఠం చెప్పేవాడి పనిలోనే ఒక భాగం.

నిషేధం అన్న మాటను మనం కొంచెం జాగ్రత్తగా వాడాలి. మన దేశంలో పుస్తకాన్ని నిషేధించి ప్రతులను స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానిది. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 95వ సెక్షను కింద, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 98వ సెక్షను కింద, కారణాలు చూపి ఉత్తర్వు ఇవ్వాలి. దాని మీద హైకోర్టుకు పోవచ్చు. ప్రిన్సిపాల్ గారికి గానీ, మీ సమావేశానికి గానీ ఆ అధికారం లేదు. వారు చేయగలిగినది ఒక పుస్తకాన్ని పాఠంగా పెట్టకపోవడం, లేదా గ్రంథాలయం నుంచి తీసివేయడం. ఈ రెండూ ఒకటి కావు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్కు రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్ బడుల వ్యాజ్యంలో, అందులోని భావాలు తమకు నచ్చలేదన్న కారణంతో బడి గ్రంథాలయంలోని పుస్తకాలను బోర్డు సభ్యులు తీసివేయరాదని చెప్పింది. ఆ తీర్పు గ్రంథాలయం గురించే, పాఠ్యప్రణాళిక జోలికి పోలేదు. పాఠమంటే అందరి ముందూ పెట్టిన విస్తరి. గ్రంథాలయం ఆకలి వేసినవాడు తీసుకునే ఉట్టి. విస్తరిలో ఏం వడ్డించాలో మాట్లాడుకోవచ్చు గానీ ఉట్టి తెంపకూడదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట కావలి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, ఒక సంవత్సరం సిలబస్ తొందరగా ముగిసింది. మిగిలిన పదిహేను రోజులలో నా సొంత ప్రతి నుంచి ఈ నాటకంలోని కోర్టు ఘట్టం పదో తరగతికి చదివి వినిపించాను. గ్రాషియానో అనే పాత్ర షైలాకును వెక్కిరిస్తూ ఉంటే తరగతి అంతా పగలబడి నవ్వింది. నేనూ గొంతు మార్చి రక్తి కట్టించాననే సంబరంలో ఉన్నాను. గోడ పక్క బెంచీలో కూర్చున్న ఒక కుర్రవాడు మాత్రం నవ్వలేదు. బెల్లు కొట్టిన తరువాత బల్ల దగ్గరకు వచ్చి, "సార్, ఆ కోర్టులో ఆయన తరఫున ఒక్కడు కూడా లేడు కదా సార్" అన్నాడు. అప్పటికి ఆ నాటకాన్ని ఎన్నిసార్లు చదివి ఉంటానో లెక్క లేదు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంటికి పోయి పుస్తకం మళ్ళీ తీశాను. కోర్టు నిండా ఆంటోనియో మనుషులే. పోర్షియా "నీ పేరు షైలాకా?" అని అడుగుతుంది, పేరు తెలిసిన తరువాత కూడా ఎక్కువ సార్లు అతణ్ణి "జ్యూ" అనే పిలుస్తుంది. పేరు ఉన్న మనిషిని పేరు వదిలి కులంతో పిలవడం ఎలా ఉంటుందో, ఊరి చివర పల్లె నుంచి నడచి వచ్చే ఆ కుర్రవాడికి నేను చెప్పవలసిన పని లేదు. తెలియనిది నాకే.

మర్నాడు మూడో అంకంలోని మాటలు, యూదుడికి కళ్ళు లేవా, చేతులు లేవా, గుచ్చితే నెత్తురు రాదా అని షైలాక్ అడిగే ఘట్టం, అదే తరగతిలో చదివాను. ఆ తరువాత కోర్టు ఘట్టాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. రెండోసారి ఎవరూ నవ్వలేదు. షైలాక్ కోర్టు విడిచి పోతూ, తనకు ఒంట్లో బాగా లేదు, పోనివ్వమని అడిగే చోట వెనుక బెంచీల్లో కూడా చప్పుడు లేదు.

ఇందులో మీకు పనికివచ్చే సంగతి ఒకటి ఉందనుకుంటాను. మొదటి రోజు నేను చేసినది మీరు భయపడుతున్నదే. ఆ ఒక్క రోజుతో ఆపివేసి ఉంటే మీ అభ్యంతరం నూటికి నూరు పాళ్ళు న్యాయమయ్యేది. అంచేత వచ్చే సమావేశంలో 'ఈ నాటకం ఉండాలా, వద్దా' అని అడగకండి. 'దీనిని ఎలా చెబుతున్నారు' అని అడగండి. షైలాక్ మాటలు పిల్లల చేత చదివిస్తున్నారా? వెనిస్‌లో యూదులను 1516 నుంచి 'ఘెట్టో' అనే పేట గోడల మధ్య ఉంచి, రాత్రి పూట తలుపులు మూసేవారన్న చరిత్ర పిల్లలకు చెప్పారా? చివరి అంకంలో అందరూ సంతోషంగా ఉండగా షైలాక్ ఎందుకు కనిపించడని ఎవరైనా అడిగారా? వీటికి టీచరు దగ్గర జవాబులు ఉంటే పాఠం సాగనివ్వండి. లేకపోతే ఆమెకు వ్యవధి ఇవ్వండి. అంతకంటే ముందు మీరొక పని చేయాలి. సమావేశం లోపల ఆ నాటకం చదవండి. ఇంగ్లీషు కష్టమైతే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని అర్థం చెప్పించుకోండి. చెప్పేటప్పుడు ఏ చోట ఆమె గొంతు తగ్గుతుందో చూస్తే, సమావేశంలో మీరు మాట్లాడవలసినది మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. నేను కందుకూరు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. పాత పుస్తకాలలో కులం, రంగు, ఆడవారి గురించి నేటి పిల్లల ముందు పలకలేని మాటలు వస్తూ ఉంటాయి. పుస్తకాన్నే వదలివేయకుండా, ఆ మాటలను మాత్రం తీసివేసి చెబితే సరిపోతుంది కదా? ఇదే మధ్యేమార్గమని నాకు తోస్తున్నది.
ఒక ఉపాధ్యాయిని, కందుకూరు

జవాబు: అమ్మా, తరగతిలో నోటితో ఒక మాటను దాటవేసి చదవడం వేరు, పుస్తకంలోనే ఆ మాటను లేకుండా చేయడం వేరు. మొదటిది నేనూ చేశాను. రెండోది చేసిన వారి చరిత్ర అంత గొప్పగా లేదు.

ఇంగ్లీషులో ఈ పనికి 'బౌడ్లరైజ్' అని ఒక క్రియే పుట్టింది. బౌడ్లర్ కుటుంబం వారు 1807లో షేక్‌స్పియర్ నాటకాలను ఇంటిల్లిపాదీ కూర్చొని చదువుకోదగినట్టు కత్తిరించి అచ్చు వేశారు, 1818లో ఇంకా పెంచి వేశారు. ఇప్పుడు వారి పేరు వెక్కిరింతగానే మిగిలింది. మార్క్ ట్వేన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ నవలను అమెరికాలో అచ్చయిన 1885లోనే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం మోటు పుస్తకమని బయటపెట్టింది. దీనితో ఇరవై అయిదు వేల ప్రతులు అదనంగా అమ్ముడవుతాయని ట్వేన్ సంతోషించాడట. 2011లో అదే నవలను, నల్లవారిని తిట్టే మాట రెండు వందలకు పైగా చోట్ల ఉన్నదని, ఆ మాటకు బదులు 'బానిస' అన్న మాట పెట్టి ఒక ప్రచురణ తెచ్చారు. బడులలో ఆ నవల అసలు లేకుండా పోవడం కంటే ఇది మేలు కదా అన్నది సంపాదకుని వాదం. మీ మధ్యేమార్గం అదే. నాకు మాత్రం అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. బానిస అనేది ఒక మనిషి స్థితి. ఆ తిట్టు ఎదుటివాడి నోటిలోని విషం. మాట మార్చగానే విషం ఎవరి నోటిలో ఉందో పిల్లలకు కనిపించకుండా పోతుంది. అన్నిటికంటే విడ్డూరం ఇంకొకటి ఉంది. పుస్తకాలను తగలబెట్టే ప్రభుత్వం గురించి రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన 'ఫారెన్‌హీట్ 451' నవలనే, రచయితకు చెప్పకుండా, బడిపిల్లల కోసమని మాటలు మార్చి ఏళ్ళ తరబడి అమ్మారు. సంగతి తెలిసిన తరువాత ఆయన పట్టుబట్టి పాత పాఠాన్ని తిరిగి వేయించుకున్నాడు.

రచయిత తానే మార్చుకోవడం మాత్రం గౌరవించదగినది. ఆలివర్ ట్విస్ట్‌లో ఫాగిన్ అనే దొంగల నాయకుణ్ణి డికెన్స్ పదే పదే 'ఆ యూదుడు' అని రాశాడు. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ ఇది తమ జాతికి అన్యాయమని ఆయనకు ఉత్తరం రాసింది. మొదట ఆయన సమర్థించుకున్నాడు. కానీ 1867 ప్రచురణ నాటికి ఆ మాటను చాలా చోట్ల తీసివేసి ఫాగిన్ పేరు పెట్టాడు, ఈ లోపల రాసిన మరొక నవలలో మంచివాడైన ఒక యూదు పాత్రనూ కల్పించాడు. నొచ్చుకున్న మనిషి ఉత్తరం రాయడం, రాసినవాడు సిగ్గుపడి దిద్దుకోవడం, ఈ రెండింటి మధ్యా ఏ కమిటీ లేదు. ఈ కథను మీ పిల్లలకు చెప్పండి, ఒక పీరియడు సరిపోతుంది.

మన దగ్గర కత్తిరింపుల కథ ఇంతకన్నా పొడవైనది. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించి చెప్పుకున్న భాగమూ లేవని గమనించి, బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో వావిళ్ళ వారి చేత పూర్తి ప్రతిని వేయించారు. దొరల ప్రభుత్వం అశ్లీలమని దానిని నిషేధించింది. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తొలగింది. మన జిల్లా పేరులోనే ఉన్న మనిషి చేసిన పని ఇది, మన జిల్లాలో ఎంతమందికి తెలుసునో! ఆ కావ్యాన్ని తొమ్మిదో తరగతిలో చెప్పమని నేను అనడం లేదు సుమా. అది పెద్దలు చదువుకునే పుస్తకం. వయసుకు తగినది ఎంచుకోవడానికీ, లోకంలోనే లేకుండా చేయడానికీ ఉన్న తేడా చెప్పడానికే ఆ ప్రస్తావన.

నేను పనిచేసిన ఒక బడి గ్రంథాలయంలో, అంటే హెడ్మాస్టరు గది మూలనున్న ఇనుప బీరువాలో, కన్యాశుల్కం పాత ప్రతి ఒకటి ఉండేది. మధురవాణి మాటలు ఉన్న చాలా పేజీలలో ఎవరో మహానుభావులు నీలినల్ల సిరాతో వరుసగా కొట్టివేశారు. కొన్ని చోట్ల పాళీ ఎంత ఒత్తారంటే కాగితం చిరిగి, వెనుక పేజీలో గిరీశం మాటలు కూడా పోయాయి. ఆ బీరువాలోని పుస్తకాలలో చెదలు పట్టనిది, అట్ట నలిగినది అదొక్కటే. పిల్లలు మధ్యాహ్నం అన్నాల వేళ దానిని వరండాలోకి తెచ్చి, పేజీని ఎండకు ఎత్తిపట్టి, సిరా కింద ఉన్న అక్షరాలను కూడబలుక్కునేవారు. కొట్టివేయని పేజీలను ఒక్కరూ చదివినట్టు నాకు జ్ఞాపకం లేదు. మార్కాపురం పలక మీద రాసినదైతే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది గానీ, అచ్చు అక్షరం అలా పోదు.

మీరు చేయదగినది ఏమిటంటే, అటువంటి మాట వచ్చే ముందు రోజే తరగతికి చెప్పండి. రేపటి పాఠంలో ఒక చెడ్డమాట ఉంది, అది ఎవరు ఎవరిని అంటున్నారో గమనించండి, నేను దానిని బయటికి పలకను, మీరూ పలకవలసిన పని లేదు అనండి. ఆ మాట తగిలే ఇంటి నుంచి వచ్చిన పిల్ల తరగతిలో ఉంటే, ఆమెను నిలబెట్టి అభిప్రాయం మాత్రం అడగకండి. ఆ పొరపాటు నేను చేశాను.

ప్రశ్న: అయ్యా, తిక్కన సోమయాజి నడయాడిన నెల్లూరులో మన పిల్లలకు ఇంగ్లండు, అమెరికాల వారి పాత గ్రంథాలు ఎందుకు? అక్కడి వారే వాటితో వేగలేక తీసివేస్తుంటే మనం తలకెత్తుకోవడం బానిసబుద్ధి కాదా? ఇంగ్లీషు వాచకంలో మనవాళ్ళ రచనలే పెడితే ఈ వివాదాలే ఉండవు.
ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఇంగ్లీషు వాచకంలో మనవారి రచనలు ఇంకా ఉండాలన్న మాటకు నేను మీ వెనుకనే నిలబడతాను. అవి ఉంటే వివాదాలు ఉండవన్న మాటను మాత్రం ఒప్పుకోలేను.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి సంగతి చూడండి. అది మనవారు మన భాషలో మన పల్లె గురించి రాసిన నవల. 1922లో ఆయన జైలులో ఉండగా రాశారు. అచ్చయిన తరువాత ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతి దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దానిని పాఠ్యగ్రంథంగా పెట్టగా, 1936లో మద్రాసు ప్రభుత్వం మళ్ళీ అడ్డుపడింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన తరువాతనే ఆ నవలకు పూర్తిగా విడుదల. పుస్తకం బజారులో ఉన్నంత కాలం ఓర్చుకున్న ప్రభుత్వం, అది తరగతిలోకి రాగానే ఉలిక్కిపడిందన్న సంగతి గమనించండి.

పైగా, తిక్కన గారిని ఈ వాదంలోకి దించితే ఆయన నాకే సాక్ష్యం చెబుతారు. ఆయన చేసినది వేరొక భాషలోని మహాగ్రంథాన్ని తన వారి చేతికి అందేటట్టు తేవడం. ఆయన మొదలుపెట్టినది విరాటపర్వంతో. అందులో కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నుతాడు. రాజు నోరు మెదపడు, భర్తలు చూస్తూ ఉండి కూడా బయటపడలేరు. ఇబ్బంది కలిగించే ఘట్టాలు పిల్లలకు వద్దనే కొలబద్దను పట్టుకుంటే మొదట కత్తిరించవలసినది ఆ సభను. అలా కత్తిరించాలని మన జిల్లాలో ఎవరూ అడగలేదు, అడగరు కూడా. ఆ సభలో ద్రౌపదికి దిక్కు లేకపోవడం, వెనిస్ కోర్టులో షైలాక్ తరఫున ఒక్కడూ లేకపోవడం పక్కపక్కన పెట్టి చూపగలిగిన టీచరు దొరికితే, ఆ తరగతిలో వెనుక బెంచీలో నాకూ కొంచెం చోటు ఇమ్మని అడుగుతాను. ద్రౌపది మంచిది, షైలాక్ కత్తి నూరుకుంటూ వచ్చినవాడు అన్న తేడా ఉండనే ఉంది. ఆ తేడా గురించి పిల్లలు వాదించుకోవాలి.

ఇంగ్లీషు తరగతిలో మనవారు అసలు లేరన్నదీ సరికాదు. సి.బి.ఎస్.ఇ. పదో తరగతి ఇంగ్లీషులో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసిన 'భోలి' కథ ఉంది. మశూచి మచ్చలున్న పిల్ల, అయిదు వేలు కట్నం ఇస్తేనే తాళి కడతానన్న ముసలి పెళ్ళికొడుకును పెళ్ళిపందిరిలోనే కాదని లేస్తుంది. ఆ పక్కనే రష్యా వాడైన చెకోవ్ నాటిక ఉంది, ఫ్రాన్సు వాడైన మొపాసా కథ ఉంది. ఈ చివరి కథ గురించి కావలి నుంచి ఒక విద్యార్థి రాసిన ఉత్తరం చూడండి.

ప్రశ్న: సార్, నేను పదో తరగతి. 'ది నెక్లెస్' లాంటి పాత కథలు తీసేసి గ్రామరు పెంచితే మంచిది కదా? నేను కథ చదవలేదు. గైడులో సారాంశం, బిట్లు చదివాను. యూనిట్ టెస్టులో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి.
ఒక విద్యార్థి, కావలి

జవాబు: బాబూ, ఒంగోలు వారు ఒక నాటకాన్ని తీసివేయాలా అని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నీ దగ్గర ఆ కథ ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే ఎప్పుడో పోయింది. వాచకంలో అచ్చయి ఉండీ, పరీక్షలో ప్రశ్న వచ్చీ, పద్దెనిమిది మార్కులు పడీ, ఎవరూ చదవకపోవడం కంటే గట్టి నిషేధం నాకు తెలియదు. తప్పు నీ ఒక్కడిదే కాదు. సారాంశం రాస్తే మార్కులు వేసే మా బోటి వారిది కూడా.

గైడులో ఆ కథకు నీతి 'దురాశ దుఃఖానికి చేటు' అనో, 'అబద్ధం ఆడరాదు' అనో వేసి ఉంటారు. ఆ ముక్క కాసేపు మరచిపో. మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ ఎవరైనా పెళ్ళికి పోతూ పక్కింటి వారి నగ అడిగి పెట్టుకోవడం చూశావా? పెళ్ళి అయి వచ్చేవరకు ఆమె చెయ్యి ఎన్నిసార్లు మెడ మీదకు పోతుందో చూశావా? మటిల్డా అనే గుమస్తా భార్య అలా అరువు తెచ్చుకున్న హారాన్ని పోగొడుతుంది. పోయిందని చెప్పలేక, ముప్పై ఆరు వేల ఫ్రాంకులకు అటువంటిదే కొని తిరిగి ఇచ్చి, ఆ అప్పు తీర్చడానికి మొగుడూ పెళ్ళామూ పదేళ్ళు చాకిరీ చేస్తారు. ఆమె చేతులు ఎర్రబారి మొరటుదేలుతాయి, కూరల బేరంలో ఒక్కొక్క నాణెం కోసం గొంతు చించుకుంటుంది. పదేళ్ళ తరువాత ఒక ఆదివారం నాడు ఆ నగ ఇచ్చిన స్నేహితురాలు దారిలో ఎదురవుతుంది.

తరువాత జరిగినది గైడు నీకు ముందే చెప్పేసింది. అదే నాకు బాధ. అయినా ఒక పని చెయ్యి. ఇంట్లో కథ చదవని వారిని, మీ అమ్మనో, నాయనమ్మనో, కూర్చోబెట్టి ఈ కథను వాచకంలో ఉన్నట్టే మెల్లగా తెలుగులో చెప్పు. చివరి వాక్యం దగ్గరకు వచ్చి ఆగు. ఆ స్నేహితురాలు ఏమని ఉంటుందో వారినే అడుగు. వారు చెప్పిన జవాబులు ఒక కార్డు మీద రాసి నాకు పంపించు.